నా ఎడమ కన్ను నా మాట ఎందుకు వినలేదు

పోయిన నెలలో నా ఎడమ కన్ను కింది రెప్ప నాలుగైదు రోజులు అదురుతూనే ఉంది. ఎదుటివాళ్ళకు కనిపించేంత పెద్ద అదురు కాదు. లోపల మాత్రం ఎవరో చిటికెన వేలితో తీగ మీటుతున్నట్టు ఉండేది. అమ్మకి చెప్పడం నా పొరపాటు. "మగవాళ్ళకి ఎడమ కన్ను అదరకూడదురా, ఈ వారం ప్రయాణాలేవీ పెట్టుకోకు" అంది. పక్కన హోంవర్క్ రాసుకుంటున్న మా అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. "కన్ను నీదే కదా నాన్నా. కొట్టాలంటే కొడతావు, మూయాలంటే మూస్తావు. అదరొద్దని చెప్పలేవా?"

శకునం సంగతి అమ్మకి వదిలేశాను. అమ్మాయి ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. కంటి చుట్టూ ఉంగరంలా పల్చటి కండరం ఒకటి ఉంటుంది. కన్ను కొట్టేటప్పుడు పనిచేసేది అదే. నిమిషానికి పదిహేను, ఇరవై సార్లు మన ప్రమేయం లేకుండా రెప్ప వాల్చేదీ అదే. బండి మీద పోతుంటే పురుగు ఎదురొచ్చినప్పుడు, అది పురుగని మనకి తెలిసేలోపే టక్కున మూసేదీ అదే. కండరం ఒకటే, దానికి కబురు మోసే నరమూ ఒకటే. ఆ నరానికి ఆర్డర్లు వేసే ఆఫీసులే వేరు.

స్కూల్లో మనం నేర్చుకున్న పట్టికలో ఈ గొడవ కనిపించదు. ఎముకల్ని పట్టుకుని ఉండే చారల కండరాలు మన చెప్పుచేతల్లో ఉంటాయి కాబట్టి నియంత్రిత కండరాలు. పేగులు, రక్తనాళాలు, మూత్రాశయం గోడల్లో ఉండే నునుపు కండరాలు మన మాట వినవు కాబట్టి అనియంత్రిత కండరాలు. గుండెది మూడో రకం, చారలున్నా మాట వినదు. బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే 4 మార్కులు. పట్టిక తప్పేమీ కాదు, మైక్రోస్కోప్‌లో చూస్తే ఆ తేడాలు నిజంగానే ఉంటాయి. 'చారలుంటే మాట వింటుంది, లేకపోతే వినదు' అని బట్టీ పట్టడంతోనే చిక్కు. మన ఒంట్లో 600 పైచిలుకు చారల కండరాలున్నాయి. వాటిలో కొన్ని పుట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా మన మాట విని ఉండవు.

లోపలి యంత్రం సంగతి చూస్తే మూడు రకాలదీ దాదాపు ఒకటే. ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ పోగులు ఒకదాని పక్క నుంచి ఒకటి జారితే కండరం కుంచించుకుంటుంది. ఆ జారుడు మొదలవడానికి కాల్షియం కావాలి, ఖర్చుకి ఏటీపీ అనే శక్తినిచ్చే రసాయనం కావాలి. ఈ ఏటీపీ కథలో మనవారొకరు ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. కన్ను కొట్టడానికి, పేగు కదలడానికి, గుండె కొట్టుకోవడానికి ఖర్చయ్యే నాణెం అదొక్కటే. అందుకే 'ఇది నా చేతిలో ఉందా లేదా' అన్నదానికి జవాబు కండరంలో వెతికితే దొరకదు. దానికి కబురు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి.

ఊపిరి సంగతి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకుని ఉండే డయాఫ్రం చారల కండరమే. మెడ దగ్గర వెన్నుపాములోంచి బయల్దేరే ఒక జత నరాలు దాన్ని ఆడిస్తాయి. ఈ వాక్యం దాకా మీ ఊపిరి దానంతటదే నడిచింది. ఇప్పుడు మీరు దాన్ని గమనిస్తున్నారు, బహుశా ఒకసారి గట్టిగా పీల్చారు కూడా. పగ్గం చేతులు మారింది. మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే చోట మజ్జాముఖం ఉంటుంది. అక్కడున్న కొన్ని నాడీకణాల గుంపు పుట్టినప్పటి నుంచి ఆగకుండా తాళం వేస్తూ ఉంటుంది. మాట్లాడటానికో, పాడటానికో, పొయ్యి ఊదటానికో పై మెదడు వచ్చి కాసేపు పగ్గం తీసుకుంటుంది. పని కాగానే వదిలేస్తుంది. కింది తాళం మళ్ళీ మొదలవుతుంది, మధ్యలో ఎవరో వచ్చి వెళ్ళారన్న ధ్యాస కూడా లేకుండా.

ఆ పగ్గం మనకి ఎంతసేపు ఇస్తారో తెలియాలంటే ఊపిరి బిగబట్టి చూడండి. మొదట్లో సులువే. కాసేపటికి ఛాతీ లోపలి నుంచి ఎగదన్నడం మొదలవుతుంది, ఆ తర్వాత ఎంత పట్టుదల ఉన్నా నోరు తెరుచుకుంటుంది. ఆక్సిజన్ అయిపోవడం వల్ల అలా జరుగుతుందనుకుంటాం. ముఖ్యంగా జరిగేది రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం. అలారం మోగేది దానికే. చిన్నప్పుడు బావిలో 'ఎవరు ఎక్కువసేపు మునుగుతారు' అని పందెం వేసుకునేవాళ్ళం. మునిగే ముందు గట్టు మీద నిలబడి గబగబా పది పదిహేను సార్లు ఊపిరి పీల్చి వదిలేవాళ్ళం, గాలి బాగా నింపుకుంటున్నామని. నిజానికి మేం చేసింది కార్బన్ డయాక్సైడ్‌ని ఖాళీ చేయడం, అంటే అలారం వైరు పీకేసి నీళ్ళలోకి దూకడం. అప్పుడు ఆక్సిజన్ అడుగంటినా 'పైకి రా' అన్న ఒత్తిడి పుట్టదు. నీళ్ళలోనే స్పృహ తప్పుతుంది. బాగా ఈత వచ్చినవాళ్ళు కూడా ఇలా ప్రాణాలు పోగొట్టుకున్నారు. మా జట్టులో ఎవరికీ ఏమీ కాకపోవడం అదృష్టమే, తెలివి మాత్రం కాదు.

ఈ రెండు పగ్గాలూ వేరని జబ్బులు మరీ స్పష్టంగా చూపిస్తాయి. చాలా అరుదుగా కొందరు పిల్లలు కింది తాళం సరిగా పనిచేయకుండా పుడతారు. మెలకువగా ఉన్నంతసేపు దాదాపు మామూలుగానే ఊపిరి తీస్తారు. నిద్రపోతే ఒళ్ళు ఊపిరి తీయడం మరిచిపోతుంది. రాత్రిళ్ళు వెంటిలేటర్ పెట్టుకునే పడుకోవాలి. దీనికి సరిగ్గా తిరగబడిన రోగులూ ఉన్నారు. మెదడు కాండంలో ఒకచోట రక్తం ఆగి కాళ్ళూ చేతులూ మాటా అన్నీ పడిపోయినవాళ్ళు. డాక్టర్ 'ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చండి' అంటే పీల్చలేరు. కానీ ఊపిరి మాత్రం లయగా నడుస్తూ ఉంటుంది. నవ్వొస్తే దానికి తగ్గట్టు ఎగిసిపడుతుంది కూడా.

మింగడంలో మన పెత్తనం ఇంకా తక్కువ. నోట్లో ఏమీ లేకుండా వరసగా గుటకలు వేసి చూడండి. రెండు మూడు వస్తాయి, ఆ తర్వాతది మొరాయిస్తుంది. మనం చేయగలిగింది బటన్ నొక్కడమే. అది కూడా నాలుక వెనక ముద్దో లాలాజలమో తగిలితేనే పనిచేస్తుంది. నొక్కాక మిగతాదంతా మజ్జాముఖం చేతిలోకి పోతుంది. కంఠం మీద వేలు పెట్టి మింగితే లోపలి గట్టి భాగం పైకి లేచి దిగడం తెలుస్తుంది. అది లేచినప్పుడు ఉపజిహ్విక శ్వాసనాళం మీద మూతలా వాలుతుంది, స్వరతంతువులు దగ్గరికొచ్చి తలుపు వేస్తాయి, ఆ క్షణం ఊపిరి ఆగుతుంది. మాట్లాడాలంటే అదే తలుపులోంచి గాలి బయటికి రావాలి. అన్నం తింటూ కబుర్లు చెప్పేటప్పుడు ఒక్కోసారి రెండు ఆఫీసుల ఆర్డర్లూ ఒకేసారి వచ్చి పడతాయి. మెతుకు దారి తప్పుతుంది, పొలమారుతుంది. 'ఎవరో తలుచుకుంటున్నారు' అని నెత్తి మీద తడతారు. ఆ దగ్గు కూడా మనం దగ్గేది కాదు, అదే మనల్ని దగ్గిస్తుంది.

ఇక గొంతు దిగిన తర్వాత సంగతి. ఆహారవాహిక పైభాగంలో, సుమారు మూడో వంతు, ఉన్నవి చారల కండరాలే. పట్టిక ప్రకారం అవి మన మాట వినాలి. గొంతు దిగిన ముద్దని మధ్యదారిలో ఆపిన మొనగాడు ఇంతవరకూ లేడు.

పట్టికకి రెండో వైపూ చిల్లు ఉంది. చూపుడు వేలు మొహానికి జానెడు దూరంలో పెట్టి దాని గీతలు చూడండి, వెంటనే కిటికీలోంచి దూరంగా ఉన్న చెట్టు చూడండి, మళ్ళీ వేలు చూడండి. అలా మార్చిన ప్రతిసారీ కంట్లో కటకం చుట్టూ ఉన్న చిన్న నునుపు కండరాన్ని మీరు బిగించారు, వదిలారు. మాట వినదని పేరుపడిన రకం, చక్కగా విన్నది. కాకపోతే ఆ కండరాన్ని నేరుగా పిలవడం మీ వల్ల కాదు. 'వేలు చూడాలి' అనుకుంటే అది పని చేసుకుపోతుంది. కంటి డాక్టర్ దగ్గర కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకున్నప్పుడు కాసేపు ఫోన్‌లో అక్షరాలు అలుక్కుపోవడానికి కారణం ఈ కండరం పడుకోవడమే. నలభై దాటాక వచ్చే చత్వారానికి మాత్రం దీన్ని తిట్టకండి, అక్కడ గట్టిపడేది కటకం.

మూత్రాశయం గురించి రెండు ముక్కలు చాలు. గోడ నునుపు కండరం, బయటి తలుపు చారల కండరం. సంచి నిండుతున్నకొద్దీ వెన్నుపాము 'వదిలెయ్' అంటుంది, పసిపిల్లల్లో ఆ మాటే చెల్లుతుంది. రెండు మూడేళ్ళు వచ్చేసరికి పై మెదడు 'ఇప్పుడు కాదు' అనడం నేర్చుకుంటుంది. మనం పిల్లలకి నేర్పే మొట్టమొదటి కండరాల చదువు బహుశా ఇదే.

గుండె విషయంలో మన దేశానికి పాత పేరు ఒకటుంది. యోగులు గుండె ఆపేసి మళ్ళీ నడిపిస్తారని. 1957లో అమెరికా నుంచి వెంగర్, బాగ్చీ అనే ఇద్దరు పరిశోధకులు ఈసీజీ తీసే యంత్రంతో సహా ఇక్కడికొచ్చి ఊళ్ళు తిరిగారు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని బి. కె. ఆనంద్‌తో కలిసి వాళ్ళు 1961లో ప్రచురించిన ఫలితాలు చదవదగ్గవి. గుండె మీద పట్టుందన్నవాళ్ళు నలుగురిని పరీక్షించారు. ముగ్గురు ఊపిరి బిగబట్టి, గొంతు మూసి, ఛాతీనీ పొట్టనీ గట్టిగా బిగించారు. మణికట్టు దగ్గర నాడి అందలేదు, గుండె చప్పుడు సన్నగిల్లింది. చూసేవాళ్ళకి గుండె ఆగినట్టే. ఈసీజీ కాగితం మీద మాత్రం గుండె కొట్టుకుంటూనే ఉంది. ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గింది, అంతే. నాలుగో వ్యక్తి మాత్రం నిజంగానే గుండె వేగం బాగా తగ్గించాడు. అతను కూడా చారల కండరాల ద్వారానే ఆ పని చేశాడని పరిశోధకుల ఊహ. దీన్ని యోగుల మోసం బయటపడిన కథగా చెప్పేవాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. నేరుగా అందని చోటికి అందే కండరాలతో దారి వెతికినవాళ్ళు వాళ్ళు.

గుండె నేరుగా ఎందుకు అందదంటే దాని తాళం బయటి నుంచి రాదు. కుడివైపు పై గదిలో ఉన్న చిన్న కణుపు తనంతట తానే సంకేతం పుట్టిస్తుంది. దాన్ని 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ గుర్తించారు. దాని మానాన దాన్ని వదిలేస్తే నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. మనం తీరిగ్గా కూర్చున్నప్పుడు నాడి 70 దగ్గర ఉండటానికి కారణం వేగస్ అనే నరం. అది పొద్దస్తమానం బ్రేక్ మీద కాలేసి ఉంచుతుంది. గుండెమార్పిడి చేయించుకున్నవాళ్ళలో ఆ నరం తెగిపోతుంది కాబట్టి విశ్రాంతిలో కూడా కొత్త గుండె 90, 100 దాటి కొట్టుకుంటూ ఉంటుంది.

మా అమ్మాయికి జవాబు నాకు ఇక్కడే దొరికింది. మాట వినదంటున్న గుండెకి 'మెల్లగా' అని చెప్పే నరం ఉంది. మాట వినే చెయ్యికీ కాలికీ కంటిరెప్పకీ అలాంటి నరం లేదు. చారల కండరానికి వెళ్ళే నరానికి తెలిసిన మాట ఒకటే, 'లాగు'. పిడికిలి విప్పమని చెప్పడమంటే 'లాగు' అనడం మానేయడమే. వద్దనే లెక్కలన్నీ మెదడులో, వెన్నుపాములో తేలాలి తప్ప కండరం దాకా 'వద్దు' అన్న కబురు వెళ్ళదు. రెప్ప అదిరేటప్పుడు 'లాగు' అంటున్నది నేను కాదు. నిద్ర చాలకో, కాఫీ ఎక్కువయ్యో, టెన్షన్ వల్లో నరం పోగు తనంతట తానే చిటపటలాడుతోంది. నేను చెప్పని మాటని నేను మానేదెలా?

నరం ఈ కబుర్లు ఏ భాషలో చెబుతుందన్నది 1921 దాకా ఎవరూ రుజువు చేయలేదు. ఆ ఏడాది ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త ఒక కప్ప గుండెకున్న వేగస్ నరాన్ని మీటాడు. గుండె నెమ్మదించింది. దాన్ని ముంచిన ద్రవాన్ని తీసి రెండో కప్ప గుండె మీద పోస్తే అదీ నెమ్మదించింది. ద్రవంలోకి దిగింది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనమని తర్వాత తేలింది. హెన్రీ డేల్‌తో కలిపి లోవీకి 1936లో నోబెల్ ఇచ్చారు. చిత్రమేమిటంటే చేతిని కదిలించే నరాలు వదిలేదీ ఈ రసాయనాన్నే. మాట ఒకటే. చేతి కండరం మీద ఉన్న గ్రాహకాలు దాన్ని 'లాగు' అని చదువుకుంటాయి, గుండె మీద ఉన్నవి 'ఆగు' అని చదువుకుంటాయి.

మన ఊళ్ళలో ఈ తేడా విషాల రూపంలో కనిపిస్తుంది. నాగుపాము విషంలోని ఒక భాగం చారల కండరం మీది గ్రాహకాల్లో దూరి ఇరుక్కుంటుంది, కట్లపాము విషం నరం కొసనే పాడుచేస్తుంది. ముందు కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత మింగుడు పడదు, చివరికి డయాఫ్రం ఆగుతుంది. గుండె మాత్రం అప్పటికీ కొట్టుకుంటూ ఉంటుంది. అందుకే పైకి కదలిక లేని మనిషిని కూడా వెంటిలేటర్ మీద పెట్టి బతికించగలుగుతున్నారు. ఆ స్థితిలో మనిషి లోపల స్పృహతో ఉండొచ్చా? అమెరికాలో స్కాట్ స్మిత్ అనే డాక్టర్ తన మీద తానే ప్రయోగం చేయించుకుని 1947లో ఆ సంగతి ప్రచురించాడు. చారల కండరాలన్నిటినీ పడగొట్టే క్యురారే మందు ఎక్కించుకుని, కృత్రిమంగా ఊపిరి అందిస్తుంటే పడుకున్నాడు. వేలు కూడా కదల్లేదు. తేరుకున్నాక, అంతసేపూ అన్నీ వినిపించాయని, తెలివిగానే ఉన్నానని చెప్పాడు.

పత్తి చేలో ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు కొట్టే రైతుకి జరిగేది వేరు. పని అయిపోయిన ఎసిటైల్‌కోలిన్‌ని ఊడ్చేసే ఎంజైమ్ ఆగిపోతుంది. రసాయనం రెండు చోట్లా, మాట వినని అవయవాల దగ్గరా చారల కండరాల దగ్గరా, పేరుకుంటుంది. నోట్లో నురగ, కంటిపాప సూదిమొనంత, నాడి మందగించడం ఒక పక్క, కండరాలు పురుగులు పాకినట్టు అదిరి ఆ తర్వాత చచ్చుబడటం ఇంకో పక్క. ఆసుపత్రిలో గంటగంటకీ ఎక్కించే అట్రోపిన్ మొదటి పక్కనే సరిచేస్తుంది. రెండో పక్కని ముట్టుకోలేదు, కాబట్టే ఊపిరి కోసం మళ్ళీ వెంటిలేటర్. అదే అట్రోపిన్ మన కంచెల్లో పెరిగే ఉమ్మెత్తలో ఉంటుంది. ఆ గింజలు తిన్నవాడి కంటిపాప విచ్చుకుంటుంది, నోరెండిపోతుంది, గుండె దడదడలాడుతుంది, మూత్రం బిగుసుకుంటుంది. కాళ్ళూ చేతులూ మాత్రం ఆడుతూనే ఉంటాయి.

పోనీ, మన చేతిలో ఉన్నాయనుకునే పనులైనా పూర్తిగా మనవేనా? నిలబడి అల్మారాలో పై అరలో ఉన్న డబ్బా కోసం చెయ్యెత్తండి. చేతి కండరం కదలకముందే పిక్కల్లో, వీపులో కండరాలు బిగుసుకుంటాయి. లేకపోతే ఆ బరువుకి ముందుకి తూలిపోతాం. మీరు అడిగింది డబ్బా ఒక్కటే. అలాగే కాలిన గిన్నె తగిలితే మంట తెలిసేలోపే వెన్నుపాము చెయ్యి వెనక్కి లాగేస్తుంది. కానీ ఆ గిన్నె నిండా పాయసం ఉంటే? మా ఇంట్లో ఆడవాళ్ళు 'అబ్బబ్బ' అంటూనే గట్టు దాకా మోసుకెళ్ళి దించుతారు. వెన్నుపాము లాగమంటోంది, పై మెదడు పట్టుకోమంటోంది, పాయసం గెలుస్తోంది.

అసలు కంటి చుట్టూ ఉన్న ఆ ఉంగరం కండరం గురించి 1862లోనే ఫ్రెంచి డాక్టర్ డుషేన్ ఒక మాట రాశాడు. మొహంలో కండరాల్ని కరెంటుతో ఒక్కొక్కటిగా కదిలించి చూసినవాడు ఆయన. నోటి చివరల్ని పైకి లాగే కండరం మనం చెప్పినట్టు వింటుందట. కంటి చుట్టూ ఉన్నది నిజంగా ఆనందం కలిగితేనే కదులుతుందట. కావాలని కదిలించగలిగేవాళ్ళూ ఉన్నారని తర్వాత తేలింది కానీ, రెండు దారులున్నాయన్నది నిలిచింది. పక్షవాతం వచ్చిన కొందరిని 'నవ్వండి' అంటే మూతి ఒక పక్కకే పోతుంది, రెండో పక్క రాయిలా ఉండిపోతుంది. మనవడు గది తలుపు తీసుకుని లోపలికొస్తే అదే మొహం రెండు పక్కలా విచ్చుకుంటుంది. దీనికి తిరగబడినవాళ్ళూ ఉంటారు, చెబితే మొహమంతా సరిగ్గా నవ్వుతారు, నిజంగా నవ్వొచ్చినప్పుడు సగమే కదులుతుంది.

ఇది చెప్పడానికి బీరువాలోంచి మా పెళ్ళి ఆల్బం తీశాను. రెప్ప అదురు అప్పటికే ఆగిపోయింది, ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. అమ్మాయి ఆల్బం ముందేసుకుని లెక్క మొదలుపెట్టింది. నోరు మాత్రమే నవ్విన ఫోటోలు ఒక కాలమ్‌లో, కళ్ళు కూడా నవ్వినవి ఇంకో కాలమ్‌లో. ఫోటోగ్రాఫర్ 'స్మైల్ ప్లీజ్' అంటూ బంధువుల్ని వరసగా నిలబెట్టిన పేజీలన్నీ మొదటి కాలమ్‌లోకే పోయాయి. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి రెండోది పెరిగింది.